అబ్జర్వేషన్ బుక్ దాచకండి

ప్రాక్టికల్స్ చేసిన ప్రతి విద్యార్థికీ రెండు పుస్తకాలు తెలుసు. ఒకటి అబ్జర్వేషన్ బుక్, రెండోది రికార్డు. మొదటిదాంట్లో కొట్టివేతలుంటాయి, పెన్సిల్ లెక్కలుంటాయి, ఒలికిన రసాయనం మరక కూడా ఉంటుంది. రికార్డులో అవేవీ కనిపించవు. బొమ్మ, ఉద్దేశం, పద్ధతి, పట్టిక, ఫలితం, చివర లెక్చరర్ సంతకం. మార్కులు రికార్డుకే కాబట్టి సింపుల్ పెండులమ్‌తో గురుత్వ త్వరణం 931 వచ్చినా, రికార్డు ఎక్కేసరికి అది 978 అయి కూర్చుంటుంది. ఇలా రీడింగులు సర్దడం ఎవరూ నేర్పరు. సీనియర్ల రికార్డులు చూసి అందరికీ అబ్బేస్తుంది.

ఈ అలవాటు ఇంటర్‌తో ఆగిపోదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులోకి, అక్కణ్నుంచి పీహెచ్‌డీ థీసిస్‌లోకి నడిచి వస్తుంది. అక్కడ సరైన జవాబు ముందే తెలిసి ఉండదు కాబట్టి నష్టం ఇంకా పెద్దది.

ఓపెన్ సైన్స్ అంటే పేపర్‌ను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. అది చివరి మెట్టు. అసలు పని చాలా ముందే, ప్రయోగం మొదలుపెట్టిన రోజే మొదలవుతుంది. మీ అబ్జర్వేషన్ బుక్‌ను ముక్కూమొహం తెలియని మనిషి చదివి, మీరు చేసిన పని మళ్లీ చేయగలగాలి. మీరు చెప్పింది నిజమో కాదో అతను తేల్చుకోగలగాలి. 2021 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఆమోదించిన ఓపెన్ సైన్స్ సిఫార్సులో చాలా సంగతులున్నాయి. పరిశోధక విద్యార్థికి వాటి సారం మాత్రం ఇదే.

బేగంపేటలో ఒక ఆగస్టు

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. 1897లో అది సికింద్రాబాద్ దండుకు చెందిన సైనికాసుపత్రి. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రాస్ అక్కడ ఆ ఎండల్లో, పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని అది కూడా లేకుండా, మైక్రోస్కోపు ముందు కూర్చునేవాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి.

ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని పది దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. తర్వాత ఒక్కో దోమనూ కోసి, వరుస సంఖ్య వేసి చూసుకుంటూ వచ్చాడు. ఆగస్టు 20న 38వ నంబరు దోమ కడుపు గోడలో, అంతకుముందు ఏ దోమలోనూ చూడని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా పరాన్నజీవికి ఆనవాలైన నల్లటి రేణువులున్నాయి. మర్నాడు ఆఖరి దోమను కోశాడు. అందులో ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అవి పెరుగుతున్నాయంటే ప్రాణమున్నవే.

ఈ కథ తెలుగువాళ్లు బడిలోనే చదువుకుంటారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు, 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. మనం ఇక్కడ చూడాల్సింది ఆ కణాన్ని కాదు, దాని చుట్టూ రాస్ చేసిన రాతపనిని. అందులో మనం నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి, ఆయన చేయలేకపోయినవీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసుకుని, మీరు చేయగలిగే చిన్న ప్రాజెక్టుతో పోల్చి చూద్దాం. హుస్సేన్‌సాగర్ నీటిలో ఫాస్ఫేట్ ఎంత ఉంది, వానాకాలానికి ముందూ తర్వాతా ఎలా మారుతోంది అన్నది మీ ప్రాజెక్టు అనుకోండి.

1. ఊహను ముందే రాసి పెట్టండి

మలేరియాకు, దోమకు సంబంధం ఉంటుందని లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ 1894లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చువేశాడు. పరాన్నజీవి దోమలో పెరుగుతుందన్నది ఆయన ఊహ. దోమ నీళ్లలో చచ్చిపోతే, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందని కూడా అనుకున్నాడు. మొదటి సగం నిజమైంది, రెండో సగం తప్పింది. ముందే అచ్చులో ఉండటం వల్ల ఏది నిలిచిందో ఏది పోయిందో లోకానికి తేటతెల్లమైంది. ఫలితం వచ్చాక రాసుంటే రెండో సగం ఎవరికీ తెలిసేది కాదు.

దీన్ని ఇప్పుడు ప్రీ-రిజిస్ట్రేషన్ అంటున్నారు. మొదటి నమూనా తీయకముందే ఒక పేజీ రాయండి. ప్రశ్న ఏమిటి? ఎన్ని చోట్ల, ఎన్నిసార్లు నీళ్లు తీస్తారు? ఏ పరీక్షతో కొలుస్తారు, ఏ గణాంక పద్ధతి వాడతారు? ఎలాంటి రీడింగును పక్కన పెడతారు, ఎందుకు? ఓఎస్ఎఫ్ అనే ఉచిత వేదికలో దీన్ని తేదీతో సహా భద్రపరచవచ్చు. కొంతకాలం ఇతరులకు కనిపించకుండా ఉంచుకునే వీలూ ఉంది. మందుల మీద, రోగుల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్‌కు మన దేశంలో ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడాన్ని 2009 జూన్ నుంచి తప్పనిసరి చేశారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, డేటా చేతికొచ్చాక పది రకాలుగా లెక్కవేసి, అందులో బాగా వచ్చినదాన్ని మొదటినుంచీ అనుకున్నట్టు రాయడం చాలా తేలిక. అలా చేస్తున్నట్టు చేసేవాళ్లకే తెలియదు. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం మనస్తత్వశాస్త్రంలో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మొదటి పేపర్లలో 97 శాతం గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ ఫలితం చూపాయి. మళ్లీ చేసినప్పుడు 36 శాతమే చూపాయి. ఇందులో దొంగలెక్కలు రాసినవాళ్లే ఉన్నారని కాదు. రికార్డులో అందంగా కనిపించినదాని వెనక అబ్జర్వేషన్ బుక్ ఎవరికీ కనిపించలేదు.

ఊహ మార్చుకోకూడదని ఎవరూ అనరు. మార్చుకోండి, మార్చిన తేదీ, కారణం రాయండి. అంతే.

2. ఏమీ రాని రోజులనూ రాయండి

1895 నుంచి రాస్ దోమలను కోస్తూనే ఉన్నాడు. ఎక్కువభాగం ఇప్పుడు మనం క్యూలెక్స్, ఈడిస్ అని పిలిచే రకాలు. వాటిలో మనిషి మలేరియా పెరగదు కాబట్టి ఏమీ దొరకలేదు. ఆ వట్టి రోజులను ఆయన పారేయలేదు. ఆ దోమల్లో లేదని గట్టిగా తెలిశాకే, వేరే రకం దోమను పట్టాలన్న ఆలోచనకు బలం వచ్చింది. 38వ దోమలోని కణం కొత్తదని గుర్తుపట్టగలిగాడంటే, మామూలు దోమ కడుపు ఎలా ఉంటుందో అంతకుముందు చూసినవాటి వల్లే కదా.

మీ ప్రాజెక్టులో వానకు ముందూ తర్వాతా ఫాస్ఫేట్‌లో తేడా కనిపించలేదనుకోండి. "ప్రాజెక్టు ఫెయిలైంది" అనకండి. ఎన్ని నమూనాలు తీశారు, మీ పరీక్ష ఎంత చిన్న తేడాను పట్టగలదు అన్నవి సరిగ్గా రాస్తే అది కూడా ఫలితమే. రాయకపోతే వచ్చే ఏడాది మీ జూనియరు అదే ఒడ్డున, అదే సీసాలతో, అదే పనిని మొదటినుంచీ చేస్తాడు.

3. డేటాకు వివరం జతచేయండి

ఇక్కడ రాస్ వెనకబడ్డాడు. తనకు విజయం తెచ్చిన దోమ ఏ జాతిదో ఆయన చెప్పలేకపోయాడు. కీటకశాస్త్రంలో ఆయనకు శిక్షణ లేదు. రెక్కలపై మచ్చలున్న గోధుమరంగు దోమ అని వర్ణించి ఊరుకున్నాడు. 1898లో ఇటలీలో జొవాన్ని బట్టిస్టా గ్రాసీ బృందం మనిషికి మలేరియా అంటించేది అనోఫిలిస్ దోమ అని తేల్చింది. ఘనత ఎవరిదన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. అందులో గ్రాసీ పక్షం వేలెత్తి చూపినవాటిలో ఈ జాతి పేరు లేకపోవడం ముఖ్యమైనది.

మీ ఎక్సెల్ షీటుకూ ఇదే గతి పట్టవచ్చు. "పీ" అనే కాలమ్‌లో 0.8 అని ఉంటుంది. ఏ యూనిట్? ఫాస్ఫేటా, ఫాస్ఫరసా? సంజీవయ్య పార్కు వైపు నీళ్లా, నెక్లెస్ రోడ్డు వైపు నీళ్లా? ఒడ్డు నుంచా, పడవ మీద నుంచా? ఉదయమా, సాయంత్రమా? ఈ రోజు మీకు అన్నీ గుర్తున్నాయి. ఆర్నెల్ల తర్వాత వైవాలో అడిగితే మీకే తెలియదు.

చేయాల్సినవి ఇవి:

- ప్రతి ఫోల్డరులో రీడ్‌మీ అనే ఒక చిన్న ఫైలు పెట్టండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పరికరంతో కొలిచారో, ఏ కాలమ్‌కు ఏ యూనిటో అందులో ఉండాలి.
- మొదట దించిన డేటాను ముట్టుకోకండి. దాన్ని ఒక ఫోల్డరులో తాళం వేసినట్టు ఉంచి, సవరణలన్నీ వేరే కాపీలో చేయండి.
- ఖాళీ గడి అంటే సున్నానా, కొలవలేదా, పరికరం పట్టలేనంత తక్కువా అన్నది స్పష్టంగా రాయండి.
- "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ లేటెస్ట్" అనే పేర్లు మానేయండి. ఏడాది, నెల, తేదీ వరుసలో ఫైలు పేరు మొదలుపెడితే అవే క్రమంలో కూర్చుంటాయి.
- ఎక్సెల్‌తో పాటు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సీఎస్‌వీ కాపీ కూడా ఉంచండి.

2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాలు చెప్పేది కూడా ఇదే. డేటా వెతికితే దొరకాలి, అందుబాటులో ఉండాలి, ఇతర డేటాతో కలపడానికి వీలవ్వాలి, మళ్లీ వాడుకోగలగాలి. ప్రాజెక్టు ముగిశాక సెర్న్ నడిపే జెనోడో వంటి ఉచిత భాండాగారంలో పెడితే మీ డేటాకు డీఓఐ అనే శాశ్వత సంఖ్య వస్తుంది. మీ ల్యాప్‌టాప్ పాడైనా, మీరు ఊరు మారినా అది ఉంటుంది. ఎవరైనా వాడుకుంటే మీ పేరు చెప్పి వాడుకుంటారు.

4. పరాయి కళ్లకు చూపించండి

ఆ కణాన్ని చూశాక రాస్ ఒక్కడే గంతులేసి ఊరుకోలేదు. తోటి వైద్యుడు జాన్ స్మిత్‌కు చూపించాడు. స్లైడ్లను లండన్‌కు, మాన్సన్‌కు పంపాడు. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పేపర్‌కు స్మిత్ రాసిన మాటను జతచేశారు, స్లైడ్లు చూసిన మాన్సన్ అభిప్రాయం కూడా వచ్చింది. ఆ పేపర్ శీర్షిక చూడండి. మలేరియా రహస్యం తేలింది అని పెట్టలేదు. మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన విచిత్రమైన రంగు కణాల గురించి అని మాత్రమే పెట్టాడు. చూసింది రెండు దోమలు, చెప్పింది రెండు దోమల గురించే.

అదీ మంచిదైంది. ఆ కణం కనిపించిన కొద్ది వారాల్లోనే ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ పని సాగలేదు. కానీ స్లైడ్లు, రాతలు అప్పటికే ఇతరుల చేతుల్లో ఉన్నాయి కాబట్టి వాదన ఆగలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాతో దోమలో పరాన్నజీవి జీవితచక్రాన్ని పూర్తిగా పట్టుకున్నాడు.

స్లైడు పోస్టు చేయడానికి బదులుగా ఇప్పుడు మీకున్న దారులు ఎక్కువ. గణాంకాలు ఆర్‌లోనో పైథాన్‌లోనో చేస్తే ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. ఎక్సెల్‌లో చేస్తే గడుల్లో ఫార్ములాలు అలాగే ఉంచండి, విలువలుగా మార్చేయకండి. పేపర్‌ను జర్నల్‌కు పంపేముందు ప్రీప్రింట్‌గా పెట్టవచ్చు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్‌ వాళ్లకు 1991లో మొదలైన ఆర్కైవ్ ఉంది, జీవశాస్త్రం వాళ్లకు 2013లో బయోఆర్కైవ్ వచ్చింది. ప్రీప్రింట్‌ను ఇంకా ఎవరూ సమీక్షించలేదని చదివేవాళ్లు గుర్తుంచుకోవాలి, రాసేవాళ్లు కూడా. పెట్టేముందు మీరు పంపబోయే జర్నల్ ప్రీప్రింట్లను ఒప్పుకుంటుందో లేదో దాని వెబ్‌సైటులో చూసుకోండి.

5. అందరూ చదవగలిగేలా ఉంచండి

2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నల్స్ తెరుచుకున్నాయి. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఉస్మానియాలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఉన్నవాళ్లకు ఇది పెద్ద వరం. పక్కనే ప్రైవేటు కాలేజీలో చదివే మీ స్నేహితుడికి మాత్రం ఆ తలుపు ఇంకా మూసే ఉంది. డబ్బు కట్టి చదివే అవకాశం కొందరికే దొరుకుతుంది. మీరు రాసింది అందరికీ అందాలంటే మీరే ఏదో ఒకటి చేయాలి.

మొదటి దారి, పూర్తిగా ఓపెన్ జర్నల్‌లో వేయడం. కొన్ని జర్నల్స్ దానికి వేలకు వేల రూపాయలు అడుగుతాయి, కొన్ని రాసేవాళ్ల దగ్గర కూడా పైసా తీసుకోవు. ఓపెన్ జర్నల్స్‌ను నమోదు చేసే డీఓఏజే జాబితాలో ఫీజు లేని జర్నల్స్‌ను విడిగా వెతకవచ్చు. రెండో దారికి ఖర్చులేదు. జర్నల్ అంగీకరించిన చివరి రాతప్రతిని మీ సంస్థ భాండాగారంలో పెట్టుకోవడం. చాలా ప్రచురణసంస్థలు కొంత గడువు తర్వాత దీనికి ఒప్పుకుంటాయి. కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్-టెక్నాలజీ శాఖల నిధులతో చేసిన పనికైతే 2014 నాటి విధానం ప్రకారం ఇది చేయాల్సిందే. పీహెచ్‌డీ థీసిస్ శోధగంగ అనే భాండాగారంలో చేరుతుంది. మీ టాపిక్ ఎంచుకునేముందు అక్కడ వెతకడం కూడా అలవాటు చేసుకోండి.

ఓపెన్ అన్న పేరు పెట్టుకున్నదల్లా ఓపెన్ కాదు. ఎమ్మెస్సీ విద్యార్థికి "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ" అని మెయిల్ వస్తే అనుమానించండి. వారంలో అచ్చువేస్తామంటే ఇంకా అనుమానించండి. ఈ విషయంలో మన నగరానికి చెడ్డపేరు కూడా వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్ సమీక్ష గురించి తప్పుగా చెప్పిందని, ఫీజుల సంగతి దాచిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని ఆదేశించింది. నమ్మదగ్గ జర్నల్స్‌ను చూపే యూజీసీ-కేర్ జాబితా 2025లో ఆగిపోయింది కాబట్టి ఇక మంచిచెడ్డలు తేల్చుకోవాల్సింది మీరే. సంపాదకవర్గంలోని వాళ్లు నిజంగా ఉన్నారా, ఫీజు ముందే చెప్పారా, పాత సంచికల్లో పేపర్లు చదవదగ్గవేనా అని చూడండి. ఈ మూడు చూడటానికి ఒక సాయంత్రం చాలు.

6. ఎవరి పేరు ఉండాలి, ఎవరిది ఉండకూడదు

బేగంపేటలో దోమపిల్లలను వెతికి తెచ్చి పెంచిన సహాయకుల పేర్లు చాలామందికి తెలియవు. కలకత్తాలో రాస్‌కు సాయపడిన మహమ్మద్ బక్ష్ పేరు చరిత్ర చదివినవాళ్లకే తెలుసు. రోగి హుస్సేన్ ఖాన్ పేరు మాత్రం అందరికీ తెలుసు. ఇవాళ ఇది తలకిందులు కావాలి. నీళ్లు తెచ్చిన జూనియరు, పరికరం నడిపిన టెక్నీషియన్, కోడ్ రాసిన స్నేహితురాలు ఏం చేశారో పేపర్‌లో స్పష్టంగా రాయాలి. ఇందుకోసమే 14 రకాల పాత్రలతో క్రెడిట్ అనే పద్ధతి ఉంది. మీ పేరుతో ఇంకో పదిమంది ఉంటారు కాబట్టి ఉచితంగా దొరికే ఓర్కిడ్ సంఖ్య తీసుకోండి.

రోగి పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ముఖం కనిపించే ఫొటో మాత్రం ఎప్పటికీ బయటికి రాకూడదు. పేరు తీసేస్తే సరిపోదు. చిన్న ఊరు, వయసు, వృత్తి కలిస్తే మనిషిని పట్టేయవచ్చు. అంతరించిపోతున్న జీవి దొరికే చోటు, గిరిజనులు నమ్మి చెప్పిన మూలికల వివరం కూడా అలాంటివే. వీలైనంత తెరవాలి, అవసరమైనంత మూయాలి. ఏది మూశారో, ఎందుకు మూశారో మాత్రం చెప్పాలి.

అడ్డొచ్చే మూడు భయాలు

*నా ఐడియా ఎవరైనా కొట్టేస్తే?* తేదీతో బహిరంగంగా ఉన్నదాన్ని కొట్టేయడం, అల్మరాలో ఉన్నదాన్ని కొట్టేయడం కన్నా కష్టం. ప్రీప్రింట్ మీద పడిన తేదీ మీకు సాక్షి.

*తప్పు బయటపడితే?* పడాలి. వైవా గదిలో బయటపడే కన్నా ఆర్నెల్ల ముందు పక్క ల్యాబ్ వాళ్లు చెబితే దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

*గైడ్ ఒప్పుకోకపోతే?* ఒక్కసారే అన్నీ అడగకండి. "సార్, పేపర్ వచ్చాక డేటాను జెనోడోలో పెడదామా? దానికి విడిగా డీఓఐ వస్తుంది, మీ పేరు కూడా ఉంటుంది" అని మొదలుపెట్టండి. గైడ్‌కు తెలియకుండా డేటా పెట్టడం తప్పు. అది మీ ఒక్కరిదే కాదు.

ఈ వారం చేయాల్సినవి

1. ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టుకు ప్రశ్న, ఊహ, పద్ధతితో ఒక పేజీ రాసి తేదీ వేయండి. సగం పని అయిపోయినా సరే, ఎంతవరకు అయ్యిందో కూడా అందులోనే రాయండి.
2. మూల డేటాను విడి ఫోల్డరులోకి మార్చి, రీడ్‌మీ ఫైలు పెట్టండి.
3. ఓర్కిడ్ సంఖ్య తీసుకోండి.
4. గత నెలలో పనికిరాలేదని పక్కనపెట్టిన రీడింగులను వెతికి, ఎందుకు పక్కనపెట్టారో ఒక్కో వాక్యంలో రాయండి.
5. మీ సబ్జెక్టు కాని స్నేహితుడికి ఆ ఫోల్డరు ఇచ్చి, ఒక గ్రాఫ్‌ను మళ్లీ గీయమనండి. పక్కనే కూర్చోండి, నోరు విప్పకండి. అతను ఎక్కడ ఆగి ప్రశ్న అడిగితే, మీరు రాయడం మరిచిన వాక్యం అక్కడుందన్నమాట. జవాబు నోటితో చెప్పకుండా రీడ్‌మీలో చేర్చండి. అతను ఒక్క ప్రశ్నా అడగకుండా గ్రాఫ్ గీయగలిగితే, ఆ ఫోల్డరు లోకానికి చూపించడానికి సిద్ధం.